జ్యూరీ సమన్లు: గ్రీన్ కార్డు ఉన్న నాకూ, పౌరసత్వం ఉన్న మా బిడ్డకూ ఒకే వారంలో వచ్చాయి

ప్రశ్న: సుబేదారి విశ్రాంత అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి, వయసు 68. మా పెద్దబిడ్డ అమెరికా పౌరురాలు, టెక్సాస్ రాష్ట్రంలో డల్లాస్ సమీపంలో ఉంటుంది. ఆమె ద్వారానే నాకూ మా ఇంటావిడకూ గ్రీన్ కార్డులు వచ్చాయి. మేనల్లుడి పెండ్లి ఉండడం వల్ల ఇప్పుడు మేమిద్దరం హన్మకొండలో ఉన్నాము, ఎండలు ముదరకముందే తిరిగి వెళ్లాలని అనుకుంటున్నాము.

మొన్న మా బిడ్డ వాట్సాప్‌లో రెండు ఫోటోలు పంపింది. రెండూ జిల్లా కోర్టు నుంచి వచ్చిన జ్యూరీ సమన్లు (కేసు విని తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందంలో కూర్చోవడానికి పిలుపులు), ఒకటి ఆమె పేరున, ఒకటి నా పేరున. నా కార్డు మీద ఫలానా తేదీన ఉదయం ఎనిమిది గంటలకు హాజరు కావాలని ఉంది, కింద ఒక అంకెల వరుస, బార్‌కోడ్ ఉన్నాయి, వెనకవైపు సన్నటి అక్షరాలతో ప్రశ్నలు ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది మీరు అమెరికా పౌరులేనా అని. చివరన సంతకం చేసే గీత, దాని పైన తప్పుడు సమాచారం ఇస్తే శిక్షార్హులవుతారన్న హెచ్చరిక.

ఈ విషయం ఇక్కడ నలుగురితో చెప్పగా నాలుగు రకాల సలహాలు వచ్చాయి. మనం దేశంలోనే లేము కాబట్టి పట్టించుకోనవసరం లేదని ఒకరన్నారు. హాజరు కాకపోతే గ్రీన్ కార్డు రద్దవుతుందని ఇంకొకరు భయపెట్టారు. 65 దాటినవారికి ఎలాగూ మినహాయింపు ఉంటుంది, అన్నిటికీ అవునని టిక్కు పెట్టి వయసు కారణం చూపితే సరిపోతుందని మూడో ఆయన చెప్పారు. టెక్సాస్‌లో కాక ఇండియాలో నివసిస్తున్నానని రాసి తప్పించుకోవచ్చని నాలుగో ఆయన సలహా. ఇందులో ఏది సరైనదో తేల్చుకోలేక రెండు రోజులుగా నిద్ర సరిగా పట్టడం లేదు.

మా బిడ్డ పరిస్థితి వేరు. ఆమె మందుల దుకాణంలో ఫార్మసిస్టుగా పని చేస్తుంది, చిన్న మనవడికి ఎనిమిది నెలలు. అల్లుడు ఉద్యోగరీత్యా వారంలో ఎక్కువ రోజులు వేరే రాష్ట్రంలో ఉంటాడు. మేము అక్కడ ఉన్నంతకాలం మనవడిని మా ఇంటావిడే చూసుకునేది, ఇప్పుడు పక్కింటివారి సాయంతో, సగం పూట పనితో నెట్టుకొస్తున్నది. ఆమెకు సేవ చేయడం ఇష్టమే, పిల్లవాడిని ఎవరి దగ్గర వదలాలన్నదే సమస్య.

నా ప్రశ్నలు ఇవి. పౌరుణ్ణి కాని నాకు ఈ సమన్లు అసలు ఎందుకు వచ్చాయి? నేను ఏమని జవాబు రాయాలి? దానివల్ల రేపు పౌరసత్వానికి దరఖాస్తు చేసుకునేటప్పుడు చిక్కులు వస్తాయా? మా బిడ్డ మినహాయింపు కోరితే ఇస్తారా, కోరడం మర్యాదేనా? అక్కడి కోర్టులతో అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.


జవాబు: కరీంనగర్ వాస్తవ్యుడు, ప్లేనో

సార్, నమస్కారం. మాది కరీంనగర్, చాలా ఏళ్లుగా డల్లాస్ పక్కనే ఉంటున్నాను, పౌరసత్వం వచ్చాక జ్యూరీకి పిలిచినప్పుడు వెళ్లాను. నేను న్యాయవాదిని కాను, కాని మీరు అడిగిన దాంట్లో మీ వరకు వర్తించే భాగం స్పష్టంగానే ఉంది కాబట్టి ముందు దాని గురించి చెబుతాను.

మీకు సమన్లు రావడంలో వింత ఏమీ లేదు. టెక్సాస్‌లో జ్యూరీ పేర్లను ఓటర్ల జాబితా నుంచి, డ్రైవింగ్ లైసెన్సులు, రాష్ట్ర గుర్తింపు కార్డులు ఉన్నవారి జాబితా నుంచి కలిపి యంత్రం ద్వారా తీస్తారు. లైసెన్సు ఇవ్వడానికి పౌరసత్వం అవసరం లేదు కాబట్టి గ్రీన్ కార్డు ఉన్నవారి పేర్లు, హెచ్1బి వీసా మీద పని చేస్తున్న మన పిల్లల పేర్లు కూడా అందులో పడతాయి. వారిలో ఎవరు అర్హులు, ఎవరు కారు అన్నది తేల్చడానికే కార్డు వెనక ఆ ప్రశ్నలు ఉన్నాయి. అంటే ప్రస్తుతానికి మిమ్మల్ని అడుగుతున్నది ఆ ప్రశ్నలకు నిజాయితీగా జవాబు ఇవ్వమని మాత్రమే.

టెక్సాస్ చట్టం ప్రకారం జ్యూరీలో కూర్చోవడానికి 18 ఏళ్లు నిండాలి, అమెరికా పౌరుడై ఉండాలి, ఆ రాష్ట్రంలో, ఆ కౌంటీలో (మన జిల్లా లాంటిది) నివాసి అయి ఉండాలి, ఓటు వేయడానికి అర్హత ఉండాలి (ఓటరుగా నమోదు కాకపోయినా ఫరవాలేదు), మతిస్థిమితం, సత్ప్రవర్తన ఉండాలి, చదవడం రాయడం తెలిసి ఉండాలి. తీవ్రమైన నేరంలో గాని, చిన్నదే అయినా దొంగతనం కేసులో గాని శిక్ష పడినవారు, అలాంటి ఆరోపణలు ఇంకా నడుస్తున్నవారు పనికిరారు. పౌరులు కానివారు రెండో షరతు దగ్గరే ఆగిపోతారు. అందువల్ల మీరు చేయవలసినది పౌరుణ్ణి కాదు అన్న చోట టిక్కు పెట్టి, సంతకం చేసి, గడువు లోపల తిప్పి పంపడం. చాలా కౌంటీలలో కార్డు మీది అంకెలతో కోర్టు వెబ్‌సైటులోనే జవాబు ఇవ్వవచ్చు, ఆ పని హన్మకొండలో కూర్చుని మీరే చేయవచ్చు. సైటు తెరుచుకోకపోతే ఫోటోను అచ్చు వేయించి, నింపి, మీ చేత్తో సంతకం చేసి, స్కాన్ చేసి పంపితే మీ బిడ్డ ఆ ప్రతిని క్లర్కు కార్యాలయానికి చేరుస్తుంది. మీ తరఫున ఆమెను మాత్రం సంతకం చేయనివ్వకండి.

ఇక మీకు వచ్చిన సలహాలలో అత్యంత ప్రమాదకరమైనది మూడోది. పౌరుడినని టిక్కు పెట్టి తర్వాత వయసు కారణం చూపడం అంటే, లేని పౌరసత్వాన్ని సంతకం చేసి మరీ చెప్పుకోవడమే. అమెరికాలో 1996లో వచ్చిన చట్ట సవరణ తర్వాత, చట్టపరమైన ప్రయోజనం కోసం పౌరుణ్ణని తప్పుగా చెప్పుకోవడం దేశం నుంచి పంపివేయడానికి దారితీయగల కారణాల్లో ఒకటి. దానికి క్షమాపణ మార్గాలు చాలా తక్కువ. పౌరసత్వ దరఖాస్తులో కూడా మీరు ఎప్పుడైనా అమెరికా పౌరుడినని చెప్పుకున్నారా, ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని నేరుగా అడుగుతారు. నిజం చెప్పి జ్యూరీ నుంచి తొలగినవారికి ఆ ప్రశ్న దగ్గర ఏ ఇబ్బందీ ఉండదు. పైగా ఆ వయసు లెక్క కూడా తప్పే. టెక్సాస్‌లో వయసును బట్టి వచ్చే మినహాయింపు ఇంతకు ముందు 70 దాటినవారికి ఉండేది, 2023 సెప్టెంబరు 1 నుంచి దాన్ని 75 దాటినవారికి మార్చారు. 68 ఏళ్లకు అది వర్తించనే వర్తించదు.

నాలుగో సలహా పైకి అమాయకంగా కనిపిస్తుంది, కాని అదీ మంచిది కాదు. గ్రీన్ కార్డు అంటేనే మీ శాశ్వత నివాసం అమెరికాలో ఉందని మీరు చెప్పుకోవడం. మేనల్లుడి పెండ్లికి వచ్చి కొన్నాళ్లు ఉండడం దానికి విరుద్ధం కాదు. అయితే నేను అక్కడ నివాసిని కాను, ఇండియాలో నివసిస్తున్నాను అని ఒక ప్రభుత్వ పత్రం మీద సంతకం చేసి ఇస్తే, రేపు విమానాశ్రయంలో గాని, పౌరసత్వ ఇంటర్వ్యూలో గాని మీ నివాసం గురించి ప్రశ్న వచ్చినప్పుడు అది మీకే అడ్డం తిరుగుతుంది. పౌరుణ్ణి కాదు అన్న ఒక్క జవాబు నిజమూ, సరిపోయేదీ అయినప్పుడు రెండో కారణం వెతకనవసరం లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పౌరులు కామని చెప్పి తొలగినవారి జాబితాను టెక్సాస్‌లో క్లర్కు కార్యాలయం ఓటర్ల నమోదు అధికారికి పంపుతుంది. ఓటరుగా ఎప్పుడూ నమోదు కానివారికి దీనివల్ల ఏమీ కాదు. కాని లైసెన్సు కార్యాలయంలో కాగితాలు నింపేటప్పుడు ఓటరుగా నమోదు కావాలా అన్న పెట్టెలో తెలియక టిక్కు పెట్టినవారు మనలో కొందరు ఉన్నారు. మీకు లైసెన్సు గాని గుర్తింపు కార్డు గాని తీసుకున్నప్పటి కాగితాలు గుర్తుంటే ఒకసారి చూసుకోండి, ఓటరు కార్డు ఎప్పుడైనా ఇంటికి వచ్చిందేమో మీ బిడ్డను అడగండి. అలా వచ్చి ఉంటే జవాబు పంపేలోగా వలస చట్టాల న్యాయవాదిని సంప్రదించడం అవసరం. అప్పుడు కూడా జవాబు నిజమే చెప్పాలి, కాకపోతే న్యాయవాదికి తెలిసి చెప్పాలి.

పట్టించుకోకుండా వదిలేయడం గురించి: సమన్లకు జవాబు ఇవ్వనివారికి, మినహాయింపు కోసం తెలిసి అబద్ధం చెప్పినవారికి కోర్టు ధిక్కారం కింద 100 నుంచి 1000 డాలర్ల వరకు జరిమానా వేసే అధికారం టెక్సాస్‌లో ఉంది. గ్రీన్ కార్డు రద్దవుతుందన్న భయం అక్కరలేదు. అయినా జవాబు రాయకుండా ఉండడానికి మీకు కారణం ఏదీ లేదు.


జవాబు: జనగామ ఆడబిడ్డ, హ్యూస్టన్

సార్, అన్నయ్య మీ విషయం పూర్తిగా చెప్పారు కాబట్టి నేను మీ బిడ్డ విషయం చెబుతాను. నాకు ఇద్దరు చిన్న పిల్లలు, నేను కూడా ఈ దారిలో వెళ్లినదాన్నే.

ముందుగా ఒక తేడా గమనించండి. అనర్హత వేరు, మినహాయింపు వేరు. మీకు ఉన్నది అనర్హత, అంటే మీరు కోరుకున్నా కూర్చోవడానికి వీలు లేదు. మీ బిడ్డ అర్హురాలు, చట్టం ఆమెకు ఇచ్చేది వెళ్లకుండా ఉండే హక్కు మాత్రమే. ఆ హక్కు వాడుకోవాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. 12 ఏళ్ల లోపు పిల్లలు తన సంరక్షణలో ఉండి, తాను జ్యూరీకి వెళితే వారిని సరిగా చూసేవారు ఎవరూ లేకపోతే టెక్సాస్‌లో మినహాయింపు కోరవచ్చు. తనను తాను చూసుకోలేని పెద్దవారిని ప్రధానంగా చూసుకుంటున్నవారికి, కళాశాలలో చేరి తరగతులకు హాజరవుతున్న విద్యార్థులకు కూడా ఈ వెసులుబాటు ఉంది. పిల్లలు ఉన్నారన్న ఒక్క మాటతో మినహాయింపు రాదు, చూసేవారు లేరన్నది కూడా నిజం కావాలి. మీ బిడ్డ పరిస్థితిలో అది ముమ్మాటికీ నిజమే, ఎనిమిది నెలల పసివాడిని రోజంతా పక్కింటివారి మీద వదిలి వెళ్లమని ఏ కోర్టూ అడగదు. కోరడం అమర్యాద అని ఆమె అనుకోనవసరం లేదు, చట్టం రాసినవారు ఇలాంటి తల్లులను దృష్టిలో పెట్టుకునే రాశారు.

అయితే ఆమెకు సేవ చేయడం ఇష్టమే అని మీరు రాశారు. అలాంటప్పుడు వాయిదా ఆమెకు ఎక్కువ నప్పుతుంది. హాజరు కావలసిన తేదీకి ముందే క్లర్కు కార్యాలయాన్ని అడిగితే, గత ఏడాదిలో వాయిదా తీసుకోనివారికి దాన్ని ఇవ్వవలసిందే, కొత్త తేదీ ఆరు నెలల లోపల ఆమెకూ కార్యాలయానికీ కుదిరేటట్టు పెట్టుకోవచ్చు. మీరూ అమ్మగారూ తిరిగి వెళ్లాక ఒక తేదీ పెట్టుకుంటే మనవడు అమ్మమ్మ దగ్గర ఉంటాడు, మీ బిడ్డ నిశ్చింతగా వెళ్లి వస్తుంది.

ఉద్యోగం గురించి కూడా చెబుతాను. జ్యూరీకి వెళ్లినందుకు శాశ్వత ఉద్యోగిని తీసివేయడం టెక్సాస్‌లో చట్టవిరుద్ధం. కాని ఆ రోజులకు జీతం ఇవ్వాలన్న నియమం ప్రైవేటు యజమానికి లేదు. కోర్టు ఇచ్చేది మొదటి రోజుకు 20 డాలర్లు, ఆ తర్వాత ప్రతి రోజుకు 58 డాలర్లు, ఇదీ 2023 సెప్టెంబరు నుంచే పెరిగింది. అది ఫార్మసిస్టు జీతానికి దరిదాపుల్లోకి రాదు. జీతం పోతుందన్న కారణం చూపి తప్పుకోవాలనుకునేవారు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది: ఆర్థిక కారణం మీద జడ్జి ఒక్కరే పంపివేయడానికి వీలు లేదు, కేసులోని ఇరు పక్షాలూ అక్కడ ఉండి ఒప్పుకోవాలి. అందుకే వ్యాపారం పోతుంది, జీతం పోతుంది అని చెప్పినవారిని జడ్జి వెంటనే పంపకపోతే అది కాఠిన్యం అనుకోకూడదు.

వెళ్లిన రోజు ఎలా ఉంటుందో తెలిస్తే మీ బిడ్డకు బెంగ తగ్గుతుంది. పొద్దున్నే భద్రతా తనిఖీ దాటి పెద్ద హాలులో కూర్చోబెడతారు. అక్కడ ఒక జడ్జి వచ్చి ప్రమాణం చేయించి, అనర్హులు, మినహాయింపు కోరేవారు ముందుకు రావచ్చని చెబుతారు. మిగిలినవారిలో కొందరిని గుంపుగా కోర్టు గదికి పంపుతారు. జిల్లా కోర్టులో జ్యూరీకి 12 మంది, కౌంటీ కోర్టులో ఆరుగురు కావాలి, కాని గదిలోకి అంతకు ఎన్నో రెట్ల మందిని పిలుస్తారు. ఎందుకంటే అసలు వడపోత అక్కడ జరుగుతుంది.

నేను వెళ్లినప్పుడు అది తాగి బండి నడిపిన కేసు. ప్రభుత్వ న్యాయవాది మొదటి వరుస నుంచి ఒక్కొక్కరినీ నంబరు పెట్టి పిలిచి ప్రశ్నలు అడిగారు. ముద్దాయి తరఫు న్యాయవాది లేచి, నా కక్షిదారు ఈ కేసులో నోరు విప్పి సాక్ష్యం చెప్పకపోతే ఆయన ఏదో దాస్తున్నారని మీరు అనుకుంటారా అని అడిగారు. చాలామంది అనుకోమన్నారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ చేయి ఎత్తి, నేను మాత్రం అనుకుంటాను, నిర్దోషి అయితే మాట్లాడాలి కదా అన్నది. ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. న్యాయవాది ఆమెకు కృతజ్ఞతలు చెప్పి నంబరు రాసుకున్నారు, కాసేపటికి ఆమెను పంపివేశారు. తాగి బండి నడిపినవాడు ఢీకొట్టడం వల్ల తన తమ్ముడు పోయాడని వెనక వరుసలోని ఒకాయన చెప్పినప్పుడు జడ్జి ఆయనను దగ్గరకు పిలిచి, గదిలోని వారికి వినపడకుండా మాట్లాడి పంపించారు. అక్కడ నిజాయితీగా చెప్పిన మాటకు ఎంత విలువ ఇస్తారో చూసిన తర్వాత, తప్పించుకోవడానికి కథలు అల్లేవారి మీద నాకు గౌరవం పోయింది. మీకు ఏ పక్షం మీదనైనా ముందే అభిప్రాయం ఉంటే అది చెప్పడమే మీ పని, ఉంచాలా పంపాలా అన్నది వారి పని.

మీ బిడ్డ పాలిచ్చే తల్లి అయితే, తేదీ మార్చుకున్నా సరే, క్లర్కు కార్యాలయానికి ముందుగా ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, విరామ సమయాల గురించి, ప్రత్యేక గది గురించి అడగడం మంచిది.


జవాబు: అదాలత్ న్యాయవాది, హన్మకొండ

అధ్యాపకుల వారికి నమస్కారం. నేను మన జిల్లా కోర్టులో చాలాకాలంగా వకాలత్ చేస్తున్నాను. అమెరికా చట్టం గురించి పై ఇద్దరూ చెప్పినదానికి కలపడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు, కాని ఇక్కడి మనవాళ్లకు ఈ సమన్లు చూడగానే అంత భయం ఎందుకు కలుగుతుందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

మన దగ్గర మామూలు మనిషికి కోర్టు నుంచి కాగితం వచ్చిందంటే అతను ముద్దాయి అయినా కావాలి, సాక్షి అయినా కావాలి. సాక్షిగా ఒకసారి పేరు ఎక్కితే వాయిదాల మీద వాయిదాలకు అదాలత్ చుట్టూ తిరగాలి, పరకాల నుంచో నర్సంపేట నుంచో పొద్దున బస్సెక్కి వచ్చినవాడు సాయంత్రం దాకా వరండాలో కూర్చుని, కేసు ఇంకో తేదీకి పడిందని విని తిరిగి పోవాలి. సోదాకు పంచులుగా (సాక్షులుగా) ఉండమంటే ఊళ్లో పెద్దమనుషులు తప్పించుకునేది అందుకే. ఆ అనుభవంతో అమెరికా కాగితాన్ని చూస్తే ఏదో కేసు మీద పడిందన్న భావన సహజంగానే వస్తుంది. మీ కార్డు అలాంటిది కాదు. అందులో మీ మీద ఆరోపణ లేదు, సాక్ష్యం చెప్పమన్న పిలుపు లేదు, వేరేవారి కేసులో తీర్పు చెప్పే పీట మీద కూర్చోవడానికి మీరు తగినవారేనా అన్న విచారణ మాత్రమే ఉంది.

మన దేశంలోనూ బ్రిటిష్ కాలం నుంచి జ్యూరీ ఉండేది. 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో దాన్ని తీసివేయాలని సిఫారసు చేసింది. ఆ మరుసటి ఏడాదే బొంబాయిలో నౌకాదళ అధికారి నానావతి మీద హత్య కేసు నడిచింది. తొమ్మిది మంది జ్యూరీ సభ్యులలో ఎనిమిది మంది ఆయన నిర్దోషి అన్నారు, సెషన్స్ జడ్జి దానితో ఏకీభవించక కేసును హైకోర్టుకు నివేదించారు, హైకోర్టు యావజ్జీవ శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఆ ఒక్క కేసు వల్లనే జ్యూరీ పోయిందని చాలామంది అంటారు, నేను దానితో ఏకీభవించను, సిఫారసు అంతకు ముందే ఉంది, ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల కొన్నేళ్లు జ్యూరీ విచారణలు సాగాయి. 1974 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటు లేకుండా పోయింది. ఆ కోడ్ స్థానంలో 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడా దాన్ని తిరిగి తేలేదు. పార్సీల వివాహ వివాదాలలో మాత్రం ఆ సమాజం వారిని కోర్టులో కూర్చోబెట్టే పద్ధతి 1936 చట్టం కింద ఇంకా ఉంది. కాబట్టి మన తరం వారికి జ్యూరీ అంటే సినిమాల్లో చూసిన విషయం తప్ప అనుభవంలోకి వచ్చినది కాదు.

అమెరికాలో అది రాజ్యాంగంలోనే ఉంది. 1791 నాటి సవరణల ద్వారా నేరారోపణ ఎదుర్కొంటున్నవారికి జ్యూరీ విచారణ పొందే హక్కు వచ్చింది. ఆ హక్కు ముద్దాయిది. మీ బిడ్డ లాంటివారు వెళ్లి కూర్చుంటేనే ఆ హక్కుకు ఆకారం వస్తుంది. రంగు వేరైన, యాస వేరైన మన పిల్లలు అక్కడ ఆ 12 మందిలో ఒకరుగా కూర్చోవడం నాకు చాలా గొప్ప విషయంగా తోస్తుంది. రేపు మన పిల్లవాడే ఎవడైనా అక్కడ బోనులో నిలబడవలసి వస్తే, ఎదురుగా కూర్చున్నవారిలో మన ముఖం ఒకటి ఉండాలని మనం కోరుకోమా? అందుకని వాయిదా సలహానే నేనూ బలపరుస్తున్నాను.


జవాబు: జగిత్యాల, న్యూజెర్సీ

ఒక చిన్న విషయం చేర్చదలచుకున్నాను. పై నియమాలు టెక్సాస్ రాష్ట్ర కోర్టులకు సంబంధించినవి. ఈ చర్చ చదివే ఇతరులు తమ కార్డు పైభాగంలో ఏ కోర్టు పేరు ఉందో ముందు చూసుకోవాలి, ఎందుకంటే రాష్ట్రానికో పద్ధతి ఉంది. ఉదాహరణకు కాలిఫోర్నియాలో వయసు ఎంతైనా దాని మీదనే మినహాయింపు రాదు.

కార్డు ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టు నుంచి వస్తే లెక్క ఇంకొకటి. అక్కడ ఆ న్యాయ మండలంలో ఏడాది నివాసం ఉండాలి, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం వచ్చి ఉండాలి. సైన్యంలో పని చేస్తున్నవారిని, వృత్తిరీత్యా అగ్నిమాపక, పోలీసు శాఖలలో ఉన్నవారిని పిలవరు. 70 దాటినవారు, గత రెండేళ్లలో ఫెడరల్ జ్యూరీలో కూర్చున్నవారు కోరితే చాలా ఫెడరల్ కోర్టులు వదిలేస్తాయి. రోజుకు 50 డాలర్లు ఇస్తారు. పౌరసత్వం షరతు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.


సుబేదారి విశ్రాంత అధ్యాపకుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. లైసెన్సు తీసుకున్నప్పటి కాగితాల నకళ్లు మా బిడ్డ దగ్గర ఉన్నాయి, ఓటరు నమోదు అన్న చోట వద్దు అనే ఉంది, ఓటరు కార్డు ఎన్నడూ రాలేదు. కోర్టు వెబ్‌సైటు ఇక్కడ తెరుచుకుంది, పౌరుణ్ణి కాదని జవాబు ఇచ్చాను, చివరన వచ్చిన ధ్రువీకరణ పేజీని దాచుకున్నాను. మా బిడ్డ వాయిదాకే మొగ్గు చూపింది.

ఇంతలో ఇంకో సంగతి జరిగింది. నిన్న మా బిడ్డకు ఎవరో ఫోన్ చేసి, తాము పోలీసు శాఖ నుంచి మాట్లాడుతున్నామని, మీ తండ్రి జ్యూరీకి రాలేదు కాబట్టి వారెంటు జారీ అయిందని, గంటలోగా గిఫ్టు కార్డుల రూపంలో డబ్బు కడితే రద్దు చేస్తామని చెప్పారట. నేను హాజరు కావలసిన తేదీ ఇంకా రానే లేదు. ఆమె ఫోన్ పెట్టేసింది, కాని భయపడింది. వారికి మా సంగతి ఎలా తెలిసింది?


జవాబు: కరీంనగర్ వాస్తవ్యుడు, ప్లేనో

సార్, అది పచ్చి మోసం. వారికి మీ సంగతి తెలిసి ఉండనవసరం లేదు. జ్యూరీకి రాలేదని బెదిరించి డబ్బు గుంజే ఫోన్లు అమెరికాలో ఎంతోకాలంగా ఉన్నాయి, కోర్టులే వాటి గురించి హెచ్చరికలు ఇస్తుంటాయి. ఒకే మాటను వందల మందికి చెబుతారు, సమన్లు నిజంగా వచ్చినవారు ఒకరిద్దరు దొరికితే చాలు. ఇంట్లో పెద్దవారు ఉన్నారని, వలస వచ్చిన కుటుంబమని పేరును బట్టి ఊహిస్తే ఇంకా గట్టిగా భయపెడతారు. ఏ కోర్టూ జరిమానాను ఫోన్‌లో అడగదు, గిఫ్టు కార్డుల్లో అసలే తీసుకోదు. జ్యూరీకి రానివారితో కోర్టు ఉత్తరం ద్వారానే వ్యవహరిస్తుంది, జరిమానా వేసేముందు జడ్జి ఎదుట చెప్పుకునే అవకాశం ఇస్తుంది. అమ్మాయి పుట్టిన తేదీ, సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఏవైనా చెప్పిందేమో అడగండి. చెప్పకపోతే చేయవలసింది ఏమీ లేదు. చెప్పి ఉంటే ఇవాళే అప్పుల చరిత్ర నమోదు చేసే మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గర, తన పేరున ఎవరూ అప్పు తీయకుండా, క్రెడిట్ ఫైలును స్తంభింపజేసుకోవాలి, దానికి ఖర్చు ఉండదు. ఆ నంబరు నుంచి మళ్లీ ఫోన్ వస్తే ఎత్తవద్దనండి, సందేహం ఉంటే కార్డు మీద అచ్చయిన క్లర్కు కార్యాలయం నంబరుకు తానే ఫోన్ చేసి కనుక్కోమనండి.

అమ్మగారికి కూడా రాష్ట్ర గుర్తింపు కార్డు ఉంటే ఏదో ఒక రోజు ఆమె పేరున కూడా ఇలాంటి కార్డు రావచ్చు. అప్పుడు కూడా జవాబు ఇదే, సంతకం ఆమెదే కావాలి. ఇంటి చిరునామా మారితే గ్రీన్ కార్డు ఉన్నవారు పది రోజుల లోపల వలస శాఖకు తెలియజేయాలి, లైసెన్సు మీద కూడా మార్పించుకోవాలి. లేకపోతే సమన్లు పాత ఇంటికి వెళ్లి ఎవరి చేతిలో పడతాయో తెలియదు.